ఒక్క కడుపున పుట్టినవారు: పల్నాటి వాడుకలో గర్భపదముల చరిత్ర

రజతోత్సవ సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని గ్రంథాలయ సంఘమువారు కోరినప్పుడు, చదువరులలో పలువురు నావలన ఏమి ఆశింతురో నాకు తెలియకపోలేదు. పల్నాటిసీమలో చరిత్ర యనగా కోడిపోరు, కారెంపూడి రణరంగము, బాలచంద్రుని కత్తి. ఈ సీమ బిడ్డలు ఉగ్గుపాలతో త్రాగిన కథ యది. నేనును దానితోనే మొదలుపెట్టుచున్నాను గాని కత్తులను గూర్చి వ్రాయబోవుటలేదు. ఆ కత్తులు ఒరలు వెడలుటకు కారణమైన యొక మాటను గూర్చి వ్రాయదలచితిని. ఆ మాట ‘కడుపు’. పదుగురు చదువు సంచికలో ఇట్టి విషయము తగునా యని సంకోచించిన మిత్రు లుండిరి. మనమందరము అచ్చటనుండియే వచ్చితిమి గదా యని వారికి మనవి చేసికొంటిని.

12వ శతాబ్దము చివర, 1182 ప్రాంతమున జరిగినదని చెప్పబడు ఆ యుద్ధము సంగతి ఇచ్చటివారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. హైహయవంశజుడైన అనుగురాజు చందవోలు ప్రభువుల యాడపడుచగు మైలమదేవిని పెండ్లాడి ఈ సీమను అరణముగా పొందెనని వీరగాథ. ఆతనికి మఱి ఇరువురు భార్యలు కలరు. మైలమదేవి కడుపున నలగామరాజు పుట్టెను. విజ్జలదేవి కడుపున మలిదేవుడును అతని తమ్ములును పుట్టిరి. భూరమదేవి కడుపున నరసింగరాజు మొదలగువారు పుట్టిరి. నలగామునిది గురజాల, మలిదేవాదులది మాచెర్ల యైనది. కోడిపోరులో ఓడి వలసపోయిన మలిదేవాదులు ఏడేండ్లు గడచిన పిమ్మట తమ పాలు తమకిమ్మని అడిగిరి. రాయబారిగా పోయిన అలరాజు విషమునకు బలియయ్యెను. ఆపైన నాగులేటి యొడ్డున జరిగినది అందరు నెరిగినదే. ఇందు నాగమ్మ తప్పెంత, బ్రహ్మనాయుని తప్పెంత యని మన రచ్చబండలమీద తరతరములుగా వాదము నడచుచునే యున్నది. నేనా వాదములో దిగను. ఒక్క సంగతి మాత్రము చూపుదును. తండ్రి యొక్కడు, రాజ్య మొక్కటి, కడుపులు మూడు. ఈ రాజకుమారులలో ఎవరు ఎవరో విడదీసి చెప్పవలసినప్పుడు తండ్రిపేరు మనకు పనికిరాదు. తల్లిపేరే చెప్పవలెను.

తల్లులనుబట్టి బిడ్డలను లెక్కించుట రాజకుటుంబములకే చెల్లినది కాదు. దక్షిణదేశమున కొన్ని కుటుంబములలో ‘పత్నీభాగము’ అను నాచార ముండెడిది. ఒక రైతునకు ఇరువురు భార్యలుండి, పెద్దామెకు ఒక్క కొడుకును, చిన్నామెకు నలుగురు కొడుకులును కలరనుకొందము. పత్నీభాగము ననుసరించువారు పొలమును అయిదు పాళ్ళు చేయరు, రెండే పాళ్ళు చేయుదురు. పెద్దామె కొడుకునకు సగము దక్కును. తక్కిన సగమును నలుగురు పంచుకొనవలెను. అనగా గట్లు వేయునప్పుడు తలలను గాక కడుపులను లెక్కించిరన్నమాట. 1955 హిందూ వివాహ చట్టము భార్య జీవించియుండగా మఱియొకతెను పెండ్లాడుటను నిషేధించెను. 1956 వారసత్వ చట్టము, వీలునామా లేక మరణించిన తండ్రి సొత్తులో కొడుకులు, కూతుండ్రు సమానులని శాసించెను. అట్టి చట్టము అనుగురాజు నాడుండినచో కారెంపూడిలో ఇన్ని వీరకల్లు లుండెడివి కావేమో! అయినను ఆ 1956 చట్టము సైతము కడుపులను లెక్కించుట పూర్తిగా మానలేదు. తల్లి తండ్రి ఇరువురును ఒకరేయైనవారిది పూర్ణరక్తసంబంధ మనియు, తండ్రి యొకడై తల్లులు వేరైనవారిది అర్ధరక్తసంబంధ మనియు, తల్లి యొకతెయై తండ్రులు వేరైనవారిది గర్భముపేర చెప్పబడు వేరొక రక్తసంబంధ మనియు అది మూడు తెగలు చేసినది. ఆ లెక్కన నలగాముడును మలిదేవుడును అర్ధరక్తసంబంధులు. అదే చట్టములో 20వ సెక్షను ఇంకను చదువదగినది. తండ్రి మరణించునాటికి తల్లి కడుపులో నున్న శిశువు ప్రాణముతో పుట్టెనేని, అంతకుముందే పుట్టిన అన్నలతో, అక్కలతో సమానముగా వారసత్వము పొందును. ఇంకను పేరైన పెట్టని జీవికి పొలములో పాలు కలదు.

ఇక మాటలను చూతము. తోడబుట్టినవానికి మనము వ్రాతలో ‘సోదరుడు’ అందుము. ఉదరమనగా కడుపు. సహోదరుడు, సోదరుడు అనగా ఒక్క ఉదరమును పంచుకొనినవాడు. అమరసింహుడు తన కోశములో సోదర్యుడు, సగర్భ్యుడు, సహజుడు అను పేర్లను ఒక్కచోటనే చెప్పినాడు. అచ్చతెలుగున ‘తోబుట్టువు’ అనగా తోడుగా పుట్టినది. తమిళులు ‘ఉడన్‌పిఱప్పు’ అనియు, కన్నడిగులు ‘ఒడహుట్టిదవరు’ అనియు అదే భావమును చెప్పుదురు. ద్రావిడభాషల యీ మాటలలో కడుపు పేరులేదు, తోడు మాత్రమే యున్నది. పుట్టిన చోటు కూడ చెప్పవలసివచ్చినప్పుడు ‘ఒక్క కడుపున పుట్టినవారు’ అని వేరుగా చెప్పుదుము.

అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అను చక్కని మాటలుండగా ఇన్ని పేర్లు ఎందులకు కావలసివచ్చినవని చదువరులు అడుగవచ్చును. ఆ చక్కని మాటలు మిక్కిలి ఉదారమైన వగుటయే దానికి కారణము. పెదనాన్న కొడుకు అన్నయే, పెద్దమ్మ కొడుకు అన్నయే, వరుసకు పొరుగింటి పిల్లవాడును అన్నయే. నాయకుని ‘అన్న’ అని పిలిచి ఓటు వేసిన రాష్ట్రము మనది. కోర్టులో సాక్ష్యము చెప్పుచు “ఆయన మా అన్న” అన్నచో ప్లీడరు వెంటనే “తోడబుట్టిన అన్నా, వరుసకు అన్నా?” అని అడుగక మానడు. మాట అందరికిని పంచిపెట్టబడిన తరువాత, ఒక్క యింటివానిని వేరుచేసి చెప్పుటకు కడుపు సాక్ష్యము కావలసివచ్చెను.

ఇదే పని మనకు బహుదూరమున నున్న గ్రీకులును చేసిరనుట నాకు మొదట ఆశ్చర్యము కలిగించినది. సంస్కృతమున ‘భ్రాత’ యను పదమునకు చుట్టమైన పాతపదము గ్రీకుభాషలో కలదు. కాని అచ్చట అది క్రమముగా ఒక్క కూటమికి చెందినవారి కందరికిని పేరైపోయెను. అప్పుడు నిజముగా తోడబుట్టినవానికి వారు ‘అడెల్ఫోస్’ అను మాట వాడుకొనిరి. ‘డెల్ఫిస్’ అనగా వారి భాషలో గర్భాశయము, ముందున్న ‘అ’కారము మన ‘స’కారము వంటిది. అనగా అడెల్ఫోస్ అక్షరాల మన ‘సగర్భ్యుడే’. అమెరికాలో ఫిలడెల్ఫియా యను మహానగరము కలదు. సోదరప్రేమ యని దానిపేరునకు అర్థము చెప్పుదురు. ఇంకను లోతునకు పోయినచో ఆ నగరము పేరులో ఒక తల్లి గర్భము దాగియున్నది.

అంతదూరము పోనక్కరలేదు. మన పిడుగురాళ్ళలోను, మాచెర్లలోను, ప్రతి పల్లెలోను మనతో కలసి జీవించు ముస్లిములు దినమునకు పలుమార్లు ఉచ్చరించు ‘రహ్మాన్’, ‘రహీమ్’ అను దైవనామములకును, అరబ్బీలో గర్భమును తెలుపు పదమునకును ధాతు వొక్కటియే. చుట్టరికమును తెగనీయక నిలుపుకొనుటను వారి ధర్మశాస్త్రము ‘సిలతుర్రహిమ్’ అనును. గర్భబంధమును కలిపియుంచుట యని దాని యర్థము. దయకును, చుట్టరికమునకును, తల్లి గర్భమునకును ఒక్కటే వేరు! మనము పేగుబంధ మనునదియు ఇట్టిదే.

అయితే చుట్టరికపు లెక్కలలో కడుపు ఎల్లప్పుడును కడపటి మాట కాదు. మేనమామను చూడుడు. మేను అనగా దేహము. తల్లి పుట్టిన కడుపుననే పుట్టినవాడు గనుక ఆయన మేనమామ. తండ్రి తోబుట్టువు మేనత్త. ఇద్దరక్కచెల్లెండ్ర బిడ్డలు ఒకరినొకరు పెండ్లాడరాదు, వారు అన్నాచెల్లెండ్రు. అన్నాచెల్లెండ్ర బిడ్డలు మాత్రము పెండ్లాడవచ్చును, దానికి మేనరికమని పేరు. కడుపును మాత్రమే లెక్కించినచో రెండు జంటలకును గల దగ్గరతనము సమానమే. రెండింటను తాతయవ్వల నుండి వచ్చిన జన్యువులలో ఎనిమిదింట నొకవంతు ఉమ్మడిగా నుండునని నేటి శాస్త్రము చెప్పును. అక్క కూతురును పెండ్లాడుటలో నాలుగింట నొకవంతు. పుట్టు బిడ్డలకు వంశపారంపర్యవ్యాధుల భయము అందుచేతనే హెచ్చు. 1955 చట్టము దగ్గర రక్తసంబంధుల వివాహమును కాదన్నను, ఆచార మున్నచోట ఒప్పుకొన్నది. మనవారు ఆ వెసులుబాటును బాగుగానే వాడుకొనుచున్నారు.

కడుపుతో పనిలేని తోబుట్టువులను గూర్చియు మన వీరగాథయే చెప్పినది. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించి సేనాధిపత్య మిచ్చెను. బాలచంద్రునితో యుద్ధమునకు కదలిన తమ్ములలో బ్రాహ్మణుడైన అనపోతు మొదలు కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి కులముల బాలురుండిరి. బ్రాహ్మణుడు తనకొరకు చచ్చిన పాపము వచ్చునని బాలచంద్రుడు అనపోతును ఒక నెపము పెట్టి వెనుకకు పంపెను. ఆ మర్మము తెలిసికొని అనపోతు తన ప్రాణము తాను తీసికొనెను. ఒక్క తండ్రికి పుట్టినవారు ఒకరినొకరు నరకుకొనిన ఆ కథలోనే, ఒక్క కులమైన కానివారు ఒకరిని విడిచి యొకరు బ్రతుకలేకపోయిరి. కథ చెప్పు వీరవిద్యావంతుల గొంతు ఇచ్చటికి వచ్చునప్పటికి గద్గదమగుట నేను చిన్నతనమున విన్నాను.

ఇంతవరకు చెప్పినదంతయు చుట్టరికమును గూర్చి. పొలము పంచుటకు, పెండ్లి కుదుర్చుటకు, సాక్ష్యము చెప్పుటకు, దేవుని దయ తెలుపుటకు కూడ గర్భమును పిలిచితిమి. మఱి ఆ గర్భమును మోయు స్త్రీ, దానికి జబ్బు చేసినప్పుడు, దానిని ఏమని చెప్పుకొన్నది? నేనీ వ్యాసము వ్రాయుటకు పూనుకొన్నది ఈ ప్రశ్నకొరకే.

తెలుగున అన్నముండు చోటునకును బిడ్డయుండు చోటునకును ఒక్కటే పేరు. కడుపు నిండినదన్నచో భోజనము. కడుపు పండినదన్నచో సంతానము. కడుపుమంట యనగా అసూయ, కడుపుతీపి యనగా బిడ్డమీది మమకారము, కడుపుకోత యనగా ఆ బిడ్డ పోయిన దుఃఖము. తప్పును కడుపులో పెట్టుకొమ్మనగా క్షమింపుమని. భాషకు ఇది గొప్ప సంపద. వైద్యునికి మాత్రము గొప్ప చిక్కు. “కడుపులో నొప్పి బాబూ” అని ముదుసలి వచ్చినచో అది అజీర్ణమో, గర్భాశయ వ్యాధియో ఆమె చెప్పదు, ఆయన అడుగడు. అడిగినను ఆమె చుట్టును తిరుగు మాటలే చెప్పును. గర్భవతి యగుటను ‘నెల తప్పినది’ అందుము, అది పంచాంగమునకు సంబంధించిన మాట. ‘నీళ్ళోసుకొన్నది’ అందుము, అది స్నానమునకు సంబంధించిన మాట. ‘వట్టిమనిషి కాదు’ అందుము, అది ఏమియు చెప్పని మాట. నెలసరిని ‘బయట చేరినది’ అందుము. స్రావము అధికమైనచో ఎర్రబట్ట, వేరువిధమైనచో తెల్లబట్ట. చూచితిరా! వ్యాధికి దేహముపేరు పెట్టక బట్టపేరు పెట్టితిమి. రోగము చాకిరేవు దాకా వచ్చి ఆగిపోయినది. సంతానము లేనిచో ‘గొడ్రాలు’ అంటిమి. ఈనని గొడ్డునకు చెప్పు మాటను తెచ్చి ఆడుదానికి తగిలించితిమి. లోపము మగవానియందును ఉండవచ్చునని నేడు అందరెరుగుదురు. అయినను ఆ మాటకు పుంలింగము మన వాడుకలో నేటివరకు పుట్టలేదు. గర్భమను మాటను మనము ఏ సంకోచమును లేక పదిమందిలో బిగ్గరగా పలుకునది ఒక్కచోటనే, మాచెర్ల చెన్నకేశవస్వామి గర్భగుడిముందు.

మాటలు అసలే లేకపోలేదు. అవి మంత్రసాని నోట నుండినవి. ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, బిడ్డ అడ్డము తిరుగుట, ఎదురుకాళ్ళతో వచ్చుట, తొలిచూలు, మలిచూలు ఇత్యాదులన్నియు పురిటిల్లే పాఠశాలగా పెరిగిన శాస్త్రపదములు. మాయ పడువరకు మంత్రసాని మంచము విడిచి లేవరాదనుట ఎంతటి అనుభవమువలన వచ్చిన నియమమో నేటి డాక్టర్లు ఒప్పుకొందురు. మాయ లోపల నిలిచిపోయినచో రక్తస్రావమువలన తల్లికి ప్రాణాపాయము. అయితే ఆమెకు చేతులు కడుగుకొనుటలోని రహస్య మెవరును చెప్పలేదు. ఆమె మాటలను పుస్తకములో వ్రాసికొన్నవారును అరుదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవని తేలినది. ఇది మిక్కిలి సంతోషింపదగిన సంగతి. ఎందరో తల్లులు దీనివలన బ్రదికిరి. మంత్రసాని మాత్రము వెడలిపోయినది, ఆమెతోపాటు ఆమె మాటలును.

ప్రాచీనవైద్యులు ఈ యంగమును ఎట్లు చూచిరో ఇచ్చట చెప్పవలెను. సుశ్రుతుడు తన శారీరస్థానమున స్త్రీయవయవము శంఖమువలె మూడు చుట్లుగా నుండుననియు, మూడవ చుట్టులో గర్భశయ్య యుండుననియు, దాని యాకారము రోహితమత్స్యము నోటివలె నుండుననియు వర్ణించెను. నేటి శస్త్రవైద్యము ఆ కొలతలను ఒప్పుకొనదు. కాని ఆయన ఎన్నుకొన్న పేరు చూడుడు. శయ్య! బిడ్డ పవ్వళించు పాన్పు. నాలుగవ మాసమున గర్భిణికి రెండు హృదయము లుండునని చెప్పి, ఆమె కోరినది పెట్టుమని కూడ ఆయన వ్రాసెను. ‘గర్భాశయము’ అను మాటయు అట్టిదే, ఆశయమనగా నెలవు. ఈ శయ్య, ఈ నెలవు మన వాడుకలోనికి వచ్చునప్పటికి ‘గర్భసంచి’ యైనవి. సంచి! బజారునకు తీసికొనిపోయి, సరకు తెచ్చి, దులిపి, చిలుకకొయ్యకు తగిలించునది. పాతబడినచో పారవేయునది.

పాశ్చాత్యులును ఇంతకంటె మేలు చేసిరని చెప్పలేను. గ్రీకువైద్యుల గ్రంథములలో గర్భాశయము శరీరములో అటునిటు తిరిగి స్త్రీకి మూర్ఛలు, ఉద్రేకములు తెచ్చునను నమ్మకము కానవచ్చును. వారి భాషలో గర్భాశయమునకు మఱియొక పేరు ‘హిస్టెరా’. దానినుండి పుట్టినదే హిస్టీరియా. స్త్రీ గట్టిగా ఏడ్చినను, కోపించినను గర్భాశయము నెత్తిన తప్పు వేయుటకు రెండువేల యేండ్లకు పైగా ఆ మాట ఉపయోగపడినది. 1980లో అమెరికా మానసికవైద్యుల సంఘమువారు తమ రోగముల పట్టికలో ఆ పేరును రోగనామముగా విడిచిరి. మన వాడుకలో అది యింకను విడువలేదు.

మగవైద్యునికి చెప్పుకొనలేని బాధను ఆడుది వినినగదా ఆడువారు చెప్పుకొందురు! 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా లూథరను మిషను వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో అచ్చట స్త్రీలకొరకు ఆసుపత్రి తెరచెను. ఆమె 1930లో మరణించువరకు గుంటూరునే తన యూరుగా చేసికొనెను. రైలు లేని ఆ దినములలో పల్నాటినుండి గుంటూరు చేరుట యొక యాత్ర. రెండవ మేలు అచ్చుయంత్రమువలన వచ్చినది. డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్త్రీల గర్భాశయ వ్యాధులకు ‘లోధ్ర’ యను మందు తయారుచేసిరి. లొద్దుగచెక్క యని మనవారెరిగినదే ఆ పేరునకు మూలము. 1928లో ఆయన ‘గృహలక్ష్మి’ పత్రికను స్థాపించిరి. మందు ఎంతవరకు పనిచేసెనో వైద్యులే చెప్పవలెను. కాని ఆ కాలపు పత్రికల ప్రకటనలలో ‘గర్భాశయము’ అను మాట అచ్చుపడి ఇంటి వసారాలోనికి వచ్చినది. నోట పలుకుటకు సిగ్గుపడినవారు కంట చదివిరి. గ్రంథాలయములు స్త్రీలకు చేసిన మేలులలో దీనిని గూడ చేర్చవలెను.

ఇక నేటి సంగతి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశముమొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు తొమ్మండుగురు! దేశములోని అన్ని రాష్ట్రములకంటె మనది ముందున్నది. తరువాతి సర్వేలోను అది తగ్గినదని చెప్పుటకు వీలులేదు. ఈ ఆపరేషన్లు ప్రాణము నిలిపిన సందర్భములు లేకపోలేదు, కేన్సరునకును, ఆగని రక్తస్రావమునకును అది తప్పనిసరి కావచ్చును. కాని గడ్డలకు, అధికస్రావమునకు మందులున్నవి, వేరు చికిత్సలున్నవి. గర్భాశయముతోపాటు అండాశయములను గూడ ముందుగా తీసివేసినచో చిన్నవయసుననే ఎముకలు గుల్లబారును, గుండెజబ్బుల భయము హెచ్చును. అవసరములేని ఆపరేషన్లను ఆపుటకు కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకములను రాష్ట్రములన్నియు అమలుపరుపవలెనని 2023 ఏప్రిలు 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇన్ని ఆపరేషన్లకు కారణములు పలువిధములు. డబ్బాశ కలదు, కేన్సరు భయము కలదు, మిరపతోటలో నెలకు మూడుదినములు కూలి పోగొట్టుకొనలేని బీదతనము కలదు. వానిలో మాట కూడ నొకటి యని నా యభిప్రాయము. “పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యెందులకమ్మా?” అన్నచో ఎవరైనను తల యూపుదురు. సంచి యనునది నిండుటకే గదా! “నీ గర్భశయ్యను కోసి తీసివేయుదును” అన్నచో ఆమె ఒక్కమారు ఆగి, “ఎందుకు బాబూ?” అని యడుగునేమో.

మా పెద్దమ్మ వరుస యగు నొకామెకు ముప్పదియారేండ్ల వయసున ఈ ఆపరేషను జరిగినది. తెల్లబట్ట యని వెళ్ళినది. ఒక ఆసుపత్రిలో స్కానింగు తీసి, సంచి చెడిపోయినది, ఉంచినచో పుండు కేన్సరు అగునని చెప్పిరి. మఱియొక వైద్యునికి చూపుదమని ఎవరికిని తోచలేదు. ఎద్దులు అమ్మి డబ్బు కట్టిరి. తరువాత కొంతకాలమునకే ఆమె నడుము వంగినది, మోకాళ్ళు పట్టినవి. వయసు మీదపడినది కాబోలునని అందరమనుకొంటిమి. ముప్పదియారేండ్లకు వయసు మీదపడునా యని నేను అడిగియుండవలసినది, అడుగలేదు.

ఆపరేషనైన దినమున బయట వేచియున్న మాకు నర్సు ఒక పళ్ళెములో ఆ యంగమును తెచ్చి చూపినది. అట్లు చూపుట ఆసుపత్రుల వాడుక. మగవారము ముఖములు త్రిప్పుకొంటిమి. మూడవనాడు ఆమెకు తెలివి బాగుగా వచ్చిన పిమ్మట, అది ఎంత యున్నదో చూచితివా యని కూతురు నడిగినది. జామకాయంత యున్నదమ్మా యని ఆ పిల్ల చెప్పినది. బిడ్డలేనప్పుడు అది అంతేయుండునని నేను తరువాత చదివి తెలిసికొంటిని. ఆమె చాలసేపు పైకప్పు వైపు చూచుచుండి, పిదప మంచముచుట్టును నిలుచున్న తన యిద్దరు కొడుకులను, కూతురును ఒక్కొక్కరినే చూచి, “మీరు ముగ్గురు అందులోనే పట్టినారట్రా?” అన్నది.